ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత పీహెచ్‌డీకి "నా చదువు, నా పరిశోధనా ఆసక్తులు" పేజీలో ఏం రాయాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్నేమిటో చెప్పేస్తా. అడిగింది పలమనేరు అమ్మాయి. డిగ్రీ ఎంపీసీ చిత్తూరులో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో. ప్రాజెక్టు డిస్ప్రోషియం (అరుదైన మృత్తికా మూలకాల్లో ఒకటి) కలిపిన గాజు పదార్థాల మీద చేసింది, ఇప్పుడు పీహెచ్‌డీ మాత్రం వాతావరణ భౌతికంలో చేయాలంటోంది. గేట్ స్కోరు ఉంది, నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) కొద్దిలో తప్పింది. అప్లికేషన్‌లో చదువు, పరిశోధనా ఆసక్తుల గురించి ఒక పేజీ రాయమన్నారు. గాజు ప్రాజెక్టు గురించి రాస్తే "మరి ఇటెందుకు వచ్చావ్" అంటారేమో, రాయకుండా వదిలేయొచ్చా? ఎలక్ట్రోడైనమిక్స్ ఒకసారి తప్పాను, మధ్యలో ఒక ఏడాది ఖాళీ, ఆ రెండూ ఎట్లా చెప్పాలి? పేపర్లు ఒక్కటీ లేవు, అసలు పిలుస్తారా? ఆసక్తులు ఎన్ని రాయాలి? ఇవీ ఆమె సందేహాలు.

చెల్లీ, నువ్వు పెట్టిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. "చిన్నప్పటి నుంచి భౌతికశాస్త్రం అంటే నాకు ప్రాణం" అని మొదలై, "క్వాంటమ్ మెకానిక్స్, ఆస్ట్రోఫిజిక్స్, నానోటెక్నాలజీ, వాతావరణ శాస్త్రం, పునరుత్పాదక ఇంధనం నా ఆసక్తులు" అని ముగిసింది. మధ్యలో టెన్త్ నుంచి మార్కులు. నేనూ ఎస్వీలోనే ఎమ్మెస్సీ చేసి వాతావరణం వైపు వెళ్లినవాళ్లలో ఒకరిని, ఇప్పుడు ఇంటర్వ్యూల్లో బల్లకు అవతలి వైపు కూర్చునే పని కూడా అప్పుడప్పుడు పడుతోంది. ఇట్లాంటి పేజీలు కుప్పలుగా వస్తాయి. నీది బాలేదని కాదు, పేరు కొట్టేసి పక్కవాళ్ల పేరు పెట్టినా సరిపోతుంది, చిక్కంతా అక్కడుంది. చదివేవాళ్లకు నీ గురించి కొత్తగా ఏమీ తెలియలేదు. మార్కులు ఎట్లాగూ మార్కుల జాబితాలో ఉంటాయి కదా, వాటికి ఈ పేజీలో చోటెందుకు?

నా లెక్కలో ఆసక్తి అంటే సబ్జెక్టు పేరు కాదు. జవాబు నీకింకా తెలియని ఒక ప్రశ్న, దాన్ని ఏ కొలతతో పట్టుకోవచ్చో కొంచెమైనా తెలిసిన ప్రశ్న. "వాతావరణ శాస్త్రం నా ఆసక్తి" అంటే ఎవరైనా తలూపి పక్కకు పెట్టేస్తారు. "ఈశాన్య రుతుపవనంలో వచ్చే ఉరుముల మేఘాలూ, మే నెల సాయంత్రాల్లో వచ్చే ఉరుముల మేఘాలూ పైకి పంపే గ్రావిటీ వేవ్స్‌లో తేడా ఉంటుందా, ఉంటే దాన్ని బెలూన్ డేటాలో చూడగలమా" అని రాస్తే ఎదుటివాళ్లు పెన్ను కింద పెట్టి నీవైపు చూస్తారు. (ఇవి లైగో డిటెక్టర్ అంతరిక్షం నుంచి పట్టే గురుత్వ తరంగాలు కాదు. గాలి ముద్దను పైకి నెడితే బరువుకు కిందికి జారి, మళ్లీ పైకి తేలి ఊగినప్పుడు పుట్టే అలలు. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరు ఈ తేడా అడిగి తీరతారు.) ఆ ప్రశ్న గొప్పదో కాదో తర్వాత సంగతి, పీహెచ్‌డీలో చేరాక అది మారిపోతుంది కూడా, దాదాపు అందరికీ మారుతుంది. చూసేది నీకు ప్రశ్న వేయడం వచ్చా లేదా అని.

ఇక గాజు సంగతి. వదిలేయొద్దు, పొరపాటున కూడా. నీ చేతులతో నువ్వు చేసిన పని ఇప్పటికి అదొక్కటే, దాన్ని దాచేస్తే పేజీలో మిగిలేది ఇష్టాయిష్టాలే. ఎస్వీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అరుదైన మృత్తికా మూలకాలు కలిపిన గాజుల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది, ఆ రంగంలో ఉన్నవాళ్లకు తిరుపతి పేరు తెలుసు. కాబట్టి అదేదో చిన్న ఊరి ప్రాజెక్టు అన్నట్టు సంకోచపడాల్సిన పనే లేదు. కానీ నువ్వు రాసిన వాక్యం చూడు: "డిస్ప్రోషియం డోప్డ్ గాజులను మెల్ట్ క్వెంచింగ్ పద్ధతిలో తయారుచేసి వాటి లక్షణాలను అధ్యయనం చేశాను." ఏ లక్షణాలు? ఏం కనిపించింది? ఏది సరిపోలేదు?

నీ ప్రాజెక్టులో ఏముండి ఉంటుందో నేను ఊహించగలను, తప్పైతే సరిచేసుకో. రసాయనాలు తూచి, నూరి, మూసలో పోసి వెయ్యి డిగ్రీల పైన ఫర్నేస్‌లో కరిగించి, ఇత్తడి పలక మీద పోసి, పగలకుండా తక్కువ ఉష్ణోగ్రతలో అనీల్ చేసి ఉంటావు. తర్వాత అబ్సార్ప్షన్, ఎమిషన్ స్పెక్ట్రాలు. డిస్ప్రోషియంకు నీలంలో 480 నానోమీటర్ల దగ్గర ఒకటి, పసుపులో 575 దగ్గర ఒకటి, రెండు పెద్ద పీక్‌లు వస్తాయి. ఈ రెండింటి నిష్పత్తి చూసి తెల్లని వెలుగుకు పనికొస్తుందా లేదా అంటారు. అంతవరకు అందరూ రాస్తారు. అసలు ఫిజిక్స్ ఏమంటే, పసుపు గీత డిస్ప్రోషియం చుట్టూ ఉన్న అయాన్ల అమరిక మీద బాగా ఆధారపడుతుంది, నీలం గీత అంతగా పట్టించుకోదు, కాబట్టి ఆ నిష్పత్తి డిస్ప్రోషియం చుట్టూ గాజు ఎంత అసౌష్ఠవంగా ఉందో చెబుతుంది. ఇది నీ పేజీలో ఒక వాక్యంగా ఉంటే, ప్రాజెక్టు గైడ్ చెప్పింది చేసుకుపోయిన పిల్లకూ, చేస్తూ ఆలోచించిన పిల్లకూ తేడా తెలుస్తుంది.

జడ్-ఓఫెల్ట్ విశ్లేషణ (అబ్సార్ప్షన్ బ్యాండ్ల బలం నుంచి అయాన్ పరిసరాన్ని అంచనా వేసే లెక్క) చేశానని రాశావు, మంచిది, కానీ 1962లో వాళ్లిద్దరూ విడివిడిగా రాసిన ఆ సిద్ధాంతం పేరు నీ పేజీలో ఉందంటే దాని మీద పది నిమిషాలు అడుగుతారని అర్థం. మూడు పరామితులను ఎన్ని అబ్సార్ప్షన్ బ్యాండ్లతో ఫిట్ చేశావు? బ్యాండ్లు నాలుగైదే ఉంటే ఆ మూడు సంఖ్యల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు? ఒక బ్యాండ్ తీసేసి మళ్లీ చేస్తే ఎంత మారాయి? క్రిస్టల్‌లో సన్నగా ఉండే గీతలు గాజులో ఎందుకు వెడల్పవుతాయి? చివరిదానికి జవాబు తేలిక: గాజులో ప్రతి అయాన్‌కూ దాని చుట్టూ పరిసరం కొంచెం వేరు, ఆ కొంచెం కొంచెం తేడాలన్నీ కలిసి గీత వెడల్పవుతుంది. మొదటి మూడింటికి జవాబులు నీ రికార్డు పుస్తకంలో ఉన్నాయి, తీసి చూసుకో. సాఫ్ట్‌వేర్‌లో అంకెలు వేస్తే వచ్చాయి అనే జవాబు మాత్రం ఇవ్వకు, ఆ జవాబుతో మంచి మార్కులున్న పిల్లలు కూడా వెనక్కి వెళ్లడం చూశాను.

ఇప్పుడు గాజు నుంచి గాలికి దారి. చాలామంది ఇక్కడ "రెండూ ఫిజిక్సే కదా" అని దాటేస్తారు, అది సరిపోదు. నిజమైన దారి స్పెక్ట్రమ్. నువ్వు ఏడాది పాటు స్పెక్ట్రాలు చూశావు, నాయిస్‌లోంచి పీక్ తీయడం, బేస్‌లైన్ తీసేయడం, వెడల్పు కొలవడం, కర్వ్ ఫిట్ చేయడం చేశావు. గడంకి రాడార్‌లో రోజూ చేసేదీ అదే జాతి పని. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో వెళ్లేటప్పుడు గడంకి దగ్గర ఆ రాడార్ ఉన్న సంస్థ ఉంది, బస్సులో ఎన్నోసార్లు దాటే ఉంటావు. నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ, అందరూ నార్ల్ అంటారు, అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే గాలి పొరలను చూసేది) 53 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. 32 వరసలు, వరసకు 32 చొప్పున మొత్తం 1024 యాగీ యాంటెన్నాలు ఒక పెద్ద మైదానంలో పాతి ఉంటాయి, టీవీకి డాబా మీద పెట్టుకున్న పాత యాంటెన్నాల తోట అనుకో. ఆకాశంలోకి పంపిన పల్స్‌లో అతి కొద్ది భాగం తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చినదాన్ని డాప్లర్ స్పెక్ట్రమ్‌గా మార్చి ప్రతి ఎత్తుకూ మూడు సంఖ్యలు తీస్తారు. పీక్ కింద వైశాల్యం, పీక్ ఎంత జరిగింది, ఎంత వెడల్పుంది. మొదటిది ఎకో బలం, రెండోది గాలి వేగం, మూడోది చాలావరకు టర్బులెన్స్, అంటే గాలి సుడులు. నీకు తెలియని భాష కాదు కదా ఇది?

ఇంకో అడుగు ముందుకు వెళ్లి ఒక లెక్క చేసి చూడు. 53 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. వెనక్కి చెదరగొట్టేవి అందులో సగం, అంటే 2.83 మీటర్ల సైజు ఒడిదుడుకులు. అందుకే పీక్ 1 హెర్ట్జ్ పక్కకు జరిగితే ఆ బీమ్ దిశలో వేగం సెకనుకు 2.83 మీటర్లు. బీమ్ నిట్టనిలువుకు 10 డిగ్రీలు వంచారనుకో, సెకనుకు 10 మీటర్ల అడ్డగాలి ఆ బీమ్‌లో 1.7 మీటర్లుగానే కనిపిస్తుంది, అంటే 0.6 హెర్ట్జ్ మాత్రమే. మెగాహెర్ట్జ్‌లలో పంపి, హెర్ట్జ్‌లో పదో వంతుల్లో కొలవడమన్నమాట. ఇంటర్వ్యూలో బోర్డు మీద ఈ నాలుగు లైన్లు తడబడకుండా రాయగలిగితే "గాజు పిల్ల" అనే మాట అక్కడితో పోతుంది.

అట్లాగే ఆ రాడార్‌కు సుమారు 25-30 కిలోమీటర్ల నుంచి 60 కిలోమీటర్ల దాకా ఏమీ కనిపించదు, ఎందుకో తెలుసుకో. కింద తేమ, ఉష్ణోగ్రతల ఒడిదుడుకులు ఉంటాయి కాబట్టి ఎకో వస్తుంది. 60 పైన పగటిపూట స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు సాయం చేస్తాయి. మధ్యలో తేమ లేదు, ఎలక్ట్రాన్లు చాలవు, పైగా గాలి పలచబడి మూడు మీటర్ల సుడులను స్నిగ్ధత ఆర్పేస్తుంది. ఆ ఖాళీని పూరించడానికి లైడార్ వాడతారు, 532 నానోమీటర్ల పచ్చ లేజర్, అణువుల నుంచి వచ్చే రేలీ స్కాటరింగ్. పచ్చ లేజర్ వెనక ఏముందో నువ్వు చెప్పగలవు. నియోడిమియం కలిపిన యాగ్ స్ఫటికం 1064 నానోమీటర్లలో వెలుగిస్తుంది, దాన్ని రెట్టింపు ఫ్రీక్వెన్సీకి మారిస్తే 532. నువ్వు చదివిన డిస్ప్రోషియంకు నియోడిమియం చుట్టమే. ఇంతకంటే సహజమైన వంతెన నేను కావాలని కల్పించినా దొరకదు. కానీ పేజీలో దీన్ని రెండు వాక్యాల్లో చెప్పి వదిలెయ్, అతిగా లాగితే అతికించినట్టు ఉంటుంది.

ఆసక్తులు ఎన్ని అన్నావు. ఒకటి, మహా అయితే దానికి ఆనుకుని ఉన్న ఇంకొకటి. ఆస్ట్రోఫిజిక్స్ తీసెయ్. మన వైపు పిల్లలు కావలూరు అబ్జర్వేటరీ టూర్‌కు వెళ్లి ఆ 2.34 మీటర్ల టెలిస్కోప్ చూసొచ్చాక పేజీలో ఆస్ట్రోఫిజిక్స్ చేర్చేస్తారు, నాకూ ఆ ముచ్చట అర్థమవుతుంది, కానీ బోర్డులో ఒకాయన "తెల్ల మరుగుజ్జు నక్షత్రానికి ద్రవ్యరాశి హద్దు ఎందుకొచ్చింది" అంటాడు. నువ్వు 1.4 సూర్యుళ్లు అనే అంకె చెప్పి ఆగిపోతావు. ఆ తర్వాత నీకు బాగా తెలిసినవి అడిగినా గొంతు వణుకుతుంది. నానోటెక్నాలజీ కూడా తీసెయ్, అదొక ఆసక్తి కాదు, బజారు పేరు. రాసిన ప్రతి మాటా ప్రశ్న అడగమని నువ్వే చేతికిస్తున్న చీటీ.

పేపర్లు లేవని టెన్షన్ పడుతున్నావు. ఎమ్మెస్సీ చేసినవాళ్లకు పేపర్ ఉండాలని ఎవరూ అనుకోరు. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే జర్నల్‌లో తొమ్మిదో పేరుగా ఉండటం కంటే లేకపోవడమే మేలు, ఈ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువే. పేపర్ బదులు రెండు మూడు వారాల్లో చేయగలిగిన పని ఒకటి చెప్తాను, పేజీలో ఒక భాగం దాని గురించే ఉంటుంది.

వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ప్రపంచమంతా రోజూ ఎగరేసే వాతావరణ బెలూన్ల కొలతలు ఉచితంగా దొరుకుతాయి. మనకు దగ్గరలో చెన్నై మీనంబాకం ఉంది. 00, 12 యూటీసీ అంటే మన టైం పొద్దున 5:30, సాయంత్రం 5:30. ఏదైనా ఒక ఏడాది మే నెలవీ, నవంబర్ నెలవీ తెచ్చుకో. 2021 నవంబర్ తీసుకున్నా బాగుంటుంది, తిరుపతి మునిగిన వానలు ఆ నెలలోవే, నీకూ గుర్తుండే ఉంటాయి. పైథాన్ రాకపోతే ఈ పనితోనే వస్తుంది. ప్రతి బెలూన్‌కూ పీడనం, ఉష్ణోగ్రతల నుంచి పొటెన్షియల్ టెంపరేచర్ (ఆ గాలిని నేల దగ్గరి పీడనానికి తెస్తే ఉండే ఉష్ణోగ్రత) లెక్కెయ్, దాని నుంచి బ్రంట్-వైసాలా ఫ్రీక్వెన్సీ, అంటే గాలి ముద్ద పైకీ కిందికీ ఊగే వేగం. కింది పొరలో అది సెకనుకు 0.01 రేడియన్ల దగ్గర, అంటే గాలి ముద్ద ఒకసారి ఊగడానికి పది నిమిషాలు. స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్లగానే 0.02కి చేరుతుంది, అంటే ఐదు నిమిషాలు. ఆ మార్పు 16, 17 కిలోమీటర్ల దగ్గర, మన ఉష్ణమండలంలో ట్రోపోపాజ్ ఉండే చోట, గ్రాఫ్‌లో కళ్లకు కడుతుంది. అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 80 సెల్సియస్ దగ్గరికి పోతుంది, తిరుపతి ఎండల్లో కూర్చుని మన నెత్తిన పదహారు కిలోమీటర్ల పైన అంత చలి ఉందని సొంత గ్రాఫ్‌లో చూడటం, నా మట్టుకు నాకు, బాగుంటుంది.

తర్వాత యూరప్ వాళ్ల ఈరా5 డేటాలో (పాత కొలతలనూ కంప్యూటర్ మోడల్‌నూ కలిపి తయారుచేసింది) అదే చోటు, అదే టైం తీసి పక్కన పెట్టు. అది 1940 నుంచి గంట గంటకూ ఉంది, రిజిస్టర్ చేసుకుంటే ఉచితం. బెలూన్‌లో కనిపించే సన్నని ముడతలు ఈరా5లో కనిపించవు, నునుపుగా ఉంటుంది. ఎందుకు? ఆ గ్రిడ్ సుమారు 31 కిలోమీటర్లది, నిలువున పొరల మధ్య దూరం కూడా ఎక్కువే. మరి ఆ ముడతల్లో ఎన్ని నిజమైన అలలు, ఎన్ని బెలూన్ ఊగడం వల్ల వచ్చిన నాయిస్? ఉరుముల వల్ల పుట్టినవి ఎన్ని, పక్కన శేషాచలం కొండల మీదుగా గాలి పోతున్నప్పుడు పుట్టినవి ఎన్ని? నీ పరిశోధనా ప్రశ్న ఇక్కడ దానంతట అదే పుడుతుంది, ఎవరినీ అడిగి తెచ్చుకోనక్కర్లేదు. కోడ్, రెండు గ్రాఫులు గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇవ్వు. తప్పులున్నా పర్లేదు, అడిగితే తెలిసినంత చెప్పు.

ఇప్పుడు పేజీ ఎట్లా ఉండాలో. నీది ఇంగ్లీషులోనే రాయాలి, నేను విషయం తెలియడానికి తెలుగులో రాస్తున్నా, అంకెలూ ఫలితాలూ నీవి పెట్టుకో, నావి ఎత్తి పెట్టుకోకు:

"డిస్ప్రోషియం గాఢత పెరిగేకొద్దీ గాజులో వెలుగు ఆరిపోయే వేగం ఎట్లా మారుతుందో ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కొలిచాను. తక్కువ గాఢతలో క్షయం ఒకే ఎక్స్‌పొనెన్షియల్‌కు సరిపోయింది, ఎక్కువ గాఢతలో సరిపోలేదు. అయాన్ల మధ్య శక్తి మారడాన్ని లెక్కలోకి తీసుకునే ఇనొకుటి-హిరయామా నమూనాతో దాన్ని వివరించాను. ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది పదార్థం కంటే సిగ్నల్: నాయిస్‌లోంచి ఏది నిజమో తేల్చడం. ఆ ఆసక్తితో చెన్నై రేడియోసాండ్ (వాతావరణ బెలూన్) డేటా తీసుకుని మే, నవంబర్ నెలల స్థిరత్వాన్ని పోల్చాను. ట్రోపోపాజ్ పైన కనిపించిన ముడతలను ఈరా5 పట్టుకోలేదు. వాటిలో మేఘాల వల్ల పుట్టిన గ్రావిటీ వేవ్స్ వాటా ఎంత అనేది నేను పనిచేయాలనుకుంటున్న ప్రశ్న. నిలువు గాలిని నేరుగా కొలిచే రాడార్ ఉన్న చోట దీనికి జవాబు వెతకవచ్చు."

చూశావా, ప్రాణం, చిన్నతనం, కల, ఇవేవీ లేవు. చివరి వాక్యం వల్ల ఆ సంస్థనే ఎందుకు ఎంచుకున్నావో కూడా తెలిసిపోయింది. చోటు మారితే ఆ వాక్యం మారాలి. కొచ్చిన్ యూనివర్సిటీకి రాస్తుంటే వాళ్ల రాడార్ 205 మెగాహెర్ట్జ్‌ది, అది చూసే ఒడిదుడుకుల సైజు 70 సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి నీ ప్రశ్న కొంచెం వేరుగా పెట్టాలి. నైనితాల్ ఏరీస్ రాడార్ కూడా దాదాపు ఆ ఫ్రీక్వెన్సీదే. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్, పుణె ఐఐటీఎం, తిరువనంతపురం స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, నవీ ముంబై ఐఐజీ, వీటన్నిటికీ ఒకే పేజీ కాపీ కొట్టి పంపితే తెలిసిపోతుంది. ఇంటికి దగ్గరలోనే ఉండాలంటే నార్ల్‌తో పాటు ఎస్వీలోనే ఈ పని చేసేవాళ్లున్నారు. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐజర్ రెండూ 2015లో మొదలైనవే, వాటి వెబ్‌సైట్లలో ఫ్యాకల్టీ పేజీలు ఒక్కొక్కటి తెరిచి, సంస్థ పేరు చూసి కాకుండా వాళ్లు ఏం చేస్తున్నారో చూసి రాయి. ఇంట్లోవాళ్లు ఐఐటీ అంటే సంతోషిస్తారు, నిజమే, కానీ ఐదేళ్లు పనిచేయాల్సింది గైడ్‌తో.

తప్పిన పేపర్, ఖాళీ ఏడాది. రెండూ కలిపి రెండు వాక్యాలు, పేజీ చివర. "మొదటి ఏడాది ఎలక్ట్రోడైనమిక్స్ తప్పి, తర్వాత పరీక్షలో పాసయ్యాను. ఎమ్మెస్సీ తర్వాత ఒక ఏడాది జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ గేట్, నెట్ రాశాను." అంతే. క్షమాపణ వద్దు, ఇంట్లో కష్టాల కథ వద్దు. కానీ ఒక మాట, ఎలక్ట్రోడైనమిక్స్ తప్పి రాడార్ పని అడుగుతున్నావు కాబట్టి అందులోంచి ప్రశ్న ఖాయం. యాంటెన్నాలను వరసగా పెడితే బీమ్ ఎందుకు సన్నబడుతుంది, ఫేజ్ మార్చి బీమ్‌ను ఎట్లా వంచుతారు, వక్రీభవన గుణకం మారితే వెనక్కి ఎందుకు చెదురుతుంది, ఈ మూడూ రాత్రి నిద్రలేపి అడిగినా చెప్పేట్టు ఉండు. తప్పిన సబ్జెక్టులో గట్టిగా జవాబు చెప్తే ఆ మచ్చ అక్కడే చెరిగిపోతుంది. తెలుగు మీడియం అని పేజీలో రాయాల్సిన అవసరం అస్సలు లేదు. ఇంటర్వ్యూలో మాట తడబడితే "ఒక్క నిమిషం సార్, బోర్డు మీద రాసి చెప్తాను" అని లేచి వెళ్లు. సమీకరణం చక్కగా రాసేవాళ్ల ఇంగ్లీషును ఎవరూ పట్టించుకోరు, ఇది ఓదార్పుకు చెప్పడం లేదు.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మన వైపు ఒక అలవాటుంది. "నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా" అంటారు. అప్పుడు నువ్వు నిన్ను పొగుడుకుంటూ ఒకటి రాస్తావు, పేజీలోనూ లెటర్‌లోనూ ఒకే ఇంగ్లీషు కనిపిస్తుంది, చదివేవాళ్లకు విషయం అర్థమైపోతుంది. లెటర్ రాసి ఇవ్వకుండా, ఒక కాగితం మీద నువ్వు ల్యాబ్‌లో చేసిన పనులు, ఏ నెలలో ఏ సమస్య వచ్చింది, ఎట్లా తీర్చావు, ఇవి పాయింట్లుగా రాసి మార్కులతో పాటు గైడ్‌కు ఇవ్వు. చాలామంది వాటిని చూసి సొంతంగానే రాస్తారు, వాళ్లకూ ఏం రాయాలో తెలియక అట్లా అంటారు అంతే.

ముందుగా మెయిల్ పెట్టాలా అంటే, పెట్టు. ఆయనో ఆమో ఇటీవల రాసిన రెండు పేపర్లు చదివి, అందులో నీకు అర్థం కానిది ఒకటి అడుగుతూ పది లైన్లు. "గౌరవనీయులైన సర్, మీ మహత్తర పరిశోధన చూసి స్ఫూర్తి పొంది" అని మొదలుపెట్టి ముప్పై మందికి ఒకేసారి పంపేది వద్దు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చెయ్, ఆ పైన వదిలెయ్.

నెట్ మళ్లీ రాయి. గేట్ స్కోరుతో చాలా చోట్లకు పిలుపు వస్తుంది, కానీ జేఆర్‌ఎఫ్ ఉంటే ఫెలోషిప్ నీ వెంటే వస్తుంది, గైడ్ దగ్గర ప్రాజెక్టు డబ్బులున్నాయా లేవా అని చూసుకోనక్కర్లేదు. ఇప్పుడది నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. పైగా 2024 నుంచి జేఆర్‌ఎఫ్ రాకపోయినా పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చే కేటగిరీ కూడా నెట్‌లో పెట్టారు, నీ రిజల్ట్ కార్డులో అది వచ్చిందేమో ఒకసారి తీసి చూడు, "పోయింది" అనుకుని చాలామంది చూసుకోరు.

డ్రాఫ్ట్ తిరగరాసి మళ్లీ పెట్టు, చూస్తాను, బెలూన్ గ్రాఫ్ కూడా జత చెయ్. అది గీసేటప్పుడు ఒక్కటి గమనించు: పొటెన్షియల్ టెంపరేచర్ లెక్కకు ఉష్ణోగ్రత కెల్విన్‌లో వేయాలి, ఆ సైట్‌లో సెల్సియస్‌లో ఇస్తారు. మార్చకుండా వేస్తే 5 కిలోమీటర్ల చుట్టుపక్కల బ్రంట్-వైసాలా గీత పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ దూకుతుంది, ఎందుకంటే మన దగ్గర సున్నా డిగ్రీలు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే, ఆ ఫ్రీక్వెన్సీ లెక్కలో పొటెన్షియల్ టెంపరేచర్‌తో భాగించాలి, నువ్వు సున్నాతో భాగిస్తున్నావన్నమాట. అట్లా దూకితే డేటాను తిట్టకుండా 273.15 కలిపి మళ్లీ గీయి.